శుభలేఖలు అచ్చేసేవాడి లాక్‌డౌన్ లెక్క

మొన్న పేపరు రీముల కోసం హోల్‌సేల్ కొట్టుకి వెళితే, అక్కడ మా ప్రెస్సుల వాళ్ళే ఇద్దరు టీ తాగుతూ 2020 నాటి సంగతులు ఎత్తుకున్నారు. "లాక్‌డౌన్ పెట్టినా పెట్టకపోయినా పోయేవాళ్ళు పోయారు. మధ్యలో మన బతుకులు రోడ్డున పడ్డాయి" అని ఒకాయన. "అది పెట్టకపోతే శవాన్ని మోసే దిక్కు కూడా ఉండేది కాదు" అని రెండో ఆయన. మొదటాయన ఆ ఏడాదే మిషన్ అమ్ముకున్నాడు. రెండో ఆయన తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. ఎవరి బాధ వాళ్ళది, కాబట్టి ఎవరూ తగ్గలేదు.

ఇంటికొచ్చాక కూడా ఆ మాటలే బుర్రలో తిరిగాయి. వాళ్ళిద్దరూ ఒక విషయం మాత్రం పోట్లాడకుండా ఒప్పేసుకున్నారు. తక్కెడలో ఒకవైపు ప్రాణాలు, ఇంకోవైపు వ్యాపారాలు ఉన్నాయని, ఒకటి పైకి లేస్తే రెండోది కిందికి దిగుతుందని. నేను చూసినదాన్ని బట్టి అలా జరగలేదు. రెండూ కలిసే పడ్డాయి, లేచినప్పుడు కలిసే లేచాయి. తేడా అంతా ఎక్కడుందంటే, మూసిన ఆ రోజుల ఖర్చు ఎవరి జేబులోంచి తీశారు, ఆ ఖర్చుతో ఏం కొన్నారు అన్న దగ్గర.

నాది విజయవాడ. ప్రింటింగ్ ప్రెస్సు మా నాన్న పెట్టింది. ఆయన కాలంలో ట్రెడిల్ మిషన్, సీసం అక్షరాలు. నా చేతికి వచ్చేసరికి మినీ ఆఫ్‌సెట్, స్క్రీన్ ప్రింటింగ్. ముఖ్యంగా శుభలేఖలే మాకు అన్నం పెట్టేవి. మిగతా రోజుల్లో బిల్ బుక్కులు, స్కూళ్ళ ప్రోగ్రెస్ కార్డులు, ఎలక్షన్లొస్తే కరపత్రాలు. మా అక్క ఒక ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమె కుటుంబం పై వాటాలో, మేం కింది వాటాలో ఉంటాం. అందుకని ఈ గొడవలో రెండు పక్కలూ మా ఇంట్లోనే ఉన్నాయి. షట్టరు దించుకుని కూర్చున్న నేను కింద, పీపీఈ కిట్లో చెమటతో నాని వచ్చి బయటి కుళాయి దగ్గరే స్నానం చేసి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకుండా మేడ మీద గదిలో పడుకునే అక్క పైన.

ఆ మార్చి ఎలా ఉందో చెప్పాలి. స్థానిక సంస్థల ఎన్నికలకు నోటిఫికేషన్ వచ్చింది, మునిసిపల్ పోలింగ్ 23న అన్నారు. కరపత్రాల పని రాత్రిళ్ళు కూడా సాగింది. 15న ఎన్నికల కమిషన్ వాయిదా వేసింది. అప్పటికే వేసిన కరపత్రాలు కట్టలు కట్టలుగా ఉండిపోయాయి, డబ్బులడిగితే అభ్యర్థులు "ఎలక్షనే లేదు కదండీ" అన్నారు. సరే, ఉగాది వెళ్ళగానే పెళ్ళిళ్ళ సీజన్, దాంతో పూడ్చుకుందాం అనుకున్నాం. 22న ఆదివారం జనతా కర్ఫ్యూ, ఒక్క రోజే గదా అని శనివారం రాత్రి తాళం వేశాం. ఆదివారం సాయంత్రమే రాష్ట్రంలో నెలాఖరు దాకా మూత అన్నారు. 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో కనిపించి, అర్ధరాత్రి నుంచి దేశమంతా 21 రోజులు అన్నారు. తెల్లారితే శార్వరి నామ సంవత్సర ఉగాది.

మిషన్ మీద అప్పుడొక రెండు రంగుల జాబు ఉంది. ఏప్రిల్ పెళ్ళి. పసుపు రంగు పడింది, ఎరుపు పడాలి. అంటే కార్డు మీద వినాయకుడి చుట్టూ అలంకారం, అంచులు వచ్చాయి. వధూవరుల పేర్లు, ముహూర్తం ఇంకా రాలేదు. కూరగాయలకు వదిలే టైములో సందుల్లోంచి వెళ్ళి చూస్తే ఎర్ర ఇంకు డబ్బాలో పైన తోలు కట్టింది. రబ్బరు రోలర్లు ఊరికే వదిలేస్తే గట్టిపడి పాడైపోతాయి. వాటికి కిరసనాయిలు పట్టించి, చేత్తో తిప్పి వచ్చేవాణ్ణి. ఆ కార్డులు ఎప్పటికీ పూర్తి కాలేదు. పెళ్ళి మాత్రం జరిగింది, అమ్మాయి వాళ్ళ హాల్లో పదిహేను మందితో. అడ్వాన్సు తిరిగి ఇచ్చేస్తానన్నాను, ఆ తండ్రి వద్దన్నాడు.

ఇప్పుడు లెక్కకొద్దాం. నాకు నష్టం చేసింది లాక్‌డౌనా, కరోనానా?

మూసిన ఆ రెండు నెలలూ నష్టమే, అందులో అనుమానం లేదు. కానీ జూన్‌లో తెరిచాక ఏమైంది? షట్టరు ఎత్తి కూర్చున్నాను, మనిషి రాలేదు. ఏ పోలీసూ ఆపలేదు, ఏ ఆర్డరూ లేదు. జనం భయంతో రాలేదు. పెళ్ళికి 50 మందికే పర్మిషన్ అన్నప్పుడు 500 కార్డులు ఎవరు వేయిస్తారు? 50 కార్డులకైనా ప్లేటు ఖర్చు అదే, మిషన్‌మేన్ కూలి అదే. దాని బదులు ఫోన్లోనే డిజైన్ చేయించి వాట్సాప్‌లో పంపేశారు. ఆగస్టు దాకా మా ఊళ్ళో కేసులు పెరుగుతూనే పోయాయి. సెప్టెంబరు మధ్య నుంచి అధిక ఆశ్వయుజం, ముహూర్తాలే లేవు. లాక్‌డౌన్ లేని నెలల్లోనే నాకు ఎక్కువ దెబ్బ తగిలింది.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. 2020 మార్చిలో డెన్మార్క్ చాలావరకు మూసేసింది, పక్కనే ఉన్న స్వీడన్ చాలావరకు తెరిచే ఉంచింది. రెండు దేశాల్లోనూ ఖాతాదారులున్న ఒక బ్యాంకు లెక్కలు తీసుకుని ఆర్థికవేత్తలు పోల్చి చూశారు. తెరిచి ఉంచిన స్వీడన్‌లో జనం ఖర్చు సుమారు 25 శాతం పడిపోయింది. మూసిన డెన్మార్క్‌లో 29 శాతం. అమెరికాలో చికాగో ప్రొఫెసర్లు గూల్స్‌బీ, సైవర్సన్ ఫోన్ల కదలికల్ని బట్టి చూసినప్పుడూ ఇదే తేలింది. షాపులకు వెళ్ళే జనం 60 శాతం తగ్గితే, అందులో ప్రభుత్వ ఆంక్షల వాటా 7 పాయింట్లే. మిగతాదంతా జనం తమంతట తామే ఇంట్లో కూర్చోవడం వల్ల. "లాక్‌డౌన్ పెట్టకపోయుంటే వ్యాపారం మామూలుగా నడిచేది" అనే మాట అందుకే నాకు మింగుడుపడదు. చుట్టూ రోగం ఉంటే పెళ్ళికి ఐదొందల మందిని పిలిచే తండ్రి ఎవరు?

అయితే ఆ లెక్క తెచ్చి యథాతథంగా మన మీద పెట్టడానికి లేదు. స్వీడన్‌లో ఇంట్లో కూర్చున్నవాడికి జీతమో భృతో ఏదో ఒకటి వస్తుంది. మా బైండరు ఇంట్లో కూర్చుంటే ఆ పూట పొయ్యి వెలగదు. వాడు భయంతో మానేసే పని కాదది, భయపడుతూనైనా వచ్చేస్తాడు. అలాంటివాళ్ళ విషయంలో ఆర్డరు చేసిన నష్టం నిజంగా ఆర్డరు చేసిందే. 2020 ఏప్రిల్, మే, జూన్ మూడు నెలల్లో దేశ జీడీపీ అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది. అంత పాతాళానికి పడిపోవడంలో, నాలుగు గంటల టైమిచ్చి దేశం మొత్తానికి తాళం వేయడం పాత్ర పెద్దదే. అప్పటికి దేశమంతా కలిపి కేసులు ఐదు వందల పైచిలుకు. రోగం ఇంకా చేరని జిల్లాలకూ అదే తాళం.

శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేలమంది గుజరాత్‌లో వెరావల్ దగ్గర చిక్కుకుపోయి, పడవల్లోనే వండుకుంటూ, పడుకుంటూ నెలపైన గడిపారు. బస్సులు పెట్టి వాళ్ళను తెచ్చింది ఏప్రిల్ నెలాఖరుకి. మిరప కోతలకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు అడవి దారిన నడిచి వెళ్ళారు. మే నెల ఎండలో కనకదుర్గ వారధి మీద నేను చూశాను. చెన్నై వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఒడిశా, బీహార్ మనుషులు, నెత్తిన మూట, చంకన పిల్ల, కాళ్ళకు తెగిన చెప్పులకు గోనె పీలికలు. మా వీధి కుర్రాళ్ళు మజ్జిగ పాకెట్లు పంచుతుంటే నేనూ వెళ్ళాను. ఒకామె పాకెట్ తీసుకుని, తను తాగకుండా పిల్లకు పట్టి, ఖాళీ పాకెట్లో నీళ్ళు పోయమని అడిగింది. అడగడానికి మాట రాదు, చేత్తో సైగ. నాలుగు గంటలు కాకుండా నాలుగు రోజులు టైమిచ్చి, రైళ్ళు నడిపి ఉంటే వీళ్ళంతా ఇళ్ళకు చేరేవాళ్ళు. వలస కూలీల కోసం వేసిన మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి బయల్దేరింది మే 1న. అప్పటికి మూసి ఐదు వారాలు దాటింది. మొదట్లో వెళ్ళుంటే వాళ్ళ వెంట రోగం పెద్దగా వెళ్ళేది కాదు, మేలో వెళ్ళేసరికి వెళ్ళింది. ఇక్కడ ఆర్థికమూ చెడింది, ఆరోగ్యమూ చెడింది. ఒకదాని కోసం ఇంకొకటి వదులుకోవడం అంటూ ఏమీ జరగలేదు.

ఇప్పుడు మా బైండరు లెక్క. అప్పట్లో వాడికి రోజుకు 500. రాష్ట్రం ఇచ్చింది తెల్లకార్డుకు 1,000, ఏప్రిల్ 4న వాలంటీరు ఇంటికి తెచ్చి ఇచ్చాడు. కేంద్రం వాడి భార్య జన్‌ధన్ ఖాతాలో నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. మొత్తం 2,500. అంటే ఐదు రోజుల కూలి. బియ్యం వచ్చాయి, కందిపప్పో శెనగలో వచ్చాయి, అవి రాకపోతే పస్తులే, ఆ మేలు నేను తక్కువ చేయను. తెలంగాణలో కార్డుకు 1,500, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు, కొంచెం నయం. కానీ అద్దె, గ్యాసు, వాళ్ళమ్మ బీపీ మాత్రలు బియ్యంతో రావు కదా. కంప్యూటర్ మీద కార్డులు కూర్చే మా డీటీపీ అమ్మాయికైతే అదీ లేదు. వాళ్ళింట్లో కరెంటు యూనిట్లు ఎక్కువ వచ్చాయని కార్డు అంతకుముందే పోయింది. రెండు కుటుంబాలకు కలిపి ఒకటే మీటరు, అదీ కారణం.

మార్చి 29న కేంద్ర హోంశాఖ ఆర్డరు ఒకటి వచ్చింది, మూసిన కాలానికి కూడా యజమానులు కోత లేకుండా జీతాలు ఇవ్వాలని. చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. ఇవ్వాలనే ఉంటుంది ఎవరికైనా. మిషన్ ఆగిపోయింది, ఎలక్షన్ బాకీలు రావు, బిల్డింగ్ ఓనరు అద్దె మాఫీ చేయడు, మిషన్ లోన్ కిస్తీ ఉంది. ఎక్కడినుంచి తెచ్చి ఇవ్వాలో ఆ కాగితంలో లేదు. మే 18 నుంచి ఆ ఆర్డరు తీసేశారు. నేను సగం జీతాలిచ్చాను, మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి. రిజర్వు బ్యాంకు కిస్తీలకు మారటోరియం, అంటే వాయిదా, ఇచ్చింది, ఆగస్టు దాకా. వడ్డీ మాత్రం ఆగలేదు, అసలుకు కలిసింది. తర్వాత 20 లక్షల కోట్ల ప్యాకేజీ అన్నారు. మాలాంటి చిన్న యూనిట్లకు అందులో వచ్చింది పూచీకత్తు లేని అప్పు. నేను కోల్పోయింది ఆదాయం, ఇచ్చింది అప్పు. మిషన్ అమ్ముకున్నాయన ఆ అప్పు తీసుకోకుండానే అమ్మేశాడు. "ఇంకో అప్పు తీర్చే ఓపిక లేదు" అని. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఇవన్నీ రాత్రిపూట మెట్ల దగ్గర దూరంగా కూర్చుని అక్కకు చెప్పుకునేవాణ్ణి. ఆమె వినేది. ఒకరోజు అంది, "ఒరేయ్, నీ బాధ నాకు తెలుసు. కానీ మార్చిలోనే జనం మా వార్డులోకి వచ్చి పడుంటే మేం ఏం చేసేవాళ్ళమో తెలుసా? ఏమీ చేసేవాళ్ళం కాదు. కిట్టు ఎలా వేసుకోవాలో, అంతకన్నా ముఖ్యం ఎలా విప్పాలో కూడా మాకు తెలీదు అప్పటికి."

అది నిజం. మొదట్లో మన రాష్ట్రంలో టెస్టు చేసే ల్యాబు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఒక్కటే. నెలల్లోనే ఆ పరిస్థితి మారిపోయింది. ఊపిరాడని మనిషిని బోర్లా పడుకోబెడితే ఆక్సిజన్ పెరుగుతుందని వార్డుల్లో నేర్చుకున్నారు. జూన్ 16న బ్రిటన్‌లో కరోనా మందుల్ని పరీక్షించే రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది. డెక్సామెథసోన్, మన మెడికల్ షాపుల్లో ఎప్పట్నుంచో దొరికే చవక మందు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మూడో వంతు మరణాల్ని తగ్గించింది. ఏప్రిల్‌లో రోగం వచ్చినవాడికి ఈ సంగతి తెలిసిన డాక్టరు దొరకడు. ఆగస్టులో వచ్చినవాడికి దొరుకుతాడు. అదే రోగం, అదే మనిషి, నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చినందుకు బతికాడు. "లాక్‌డౌన్ రోగాన్ని ఆపలేదు, వాయిదా వేసింది అంతే" అని ఎగతాళిగా అనేవాళ్ళకు నేను ఇదే చెబుతాను. ఆ వాయిదాలోనే ప్రాణాలున్నాయి. 2021 జనవరి 16 నాటికి టీకా కూడా వచ్చింది.

అంటే నా బైండరు పస్తులతో, నా ఆవిడ గాజులతో, వారధి మీద నడిచిన ఆ తల్లి కాళ్ళతో దేశం కొన్నది టైము. విలువైనదే. అలా కొన్నదాన్ని ఏం చేశారన్నది అడిగే హక్కు మాకుంది కదా.

మొదటి ఆరు నెలల్లో బాగానే వాడారు. రెండోసారి వచ్చేటప్పటికి వృథా చేశారు. 2020 అక్టోబరులో ఆసుపత్రుల్లో 162 ఆక్సిజన్ ప్లాంట్లకు కేంద్రం టెండర్లు పిలిచింది. 2021 ఏప్రిల్ 18న ఆరోగ్యశాఖే చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి పెట్టింది 33. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయి 11 మంది చనిపోయారని అధికారికంగా చెప్పారు.

ఆ మధ్యలో నా ప్రెస్సుకు మంచి రోజులొచ్చాయి. ఆగిపోయిన మునిసిపల్ ఎన్నికలు 2021 మార్చి 10న జరిగాయి. కరపత్రాలు, డోర్ స్టిక్కర్లు, నమూనా బ్యాలెట్లు. పెళ్ళి ముహూర్తాలు ఎలాగూ లేవు, జనవరి మధ్య నుంచి మే మొదటి వారం దాకా గురు మూఢం, శుక్ర మూఢం ఒకదాని తర్వాత ఒకటి. ఆ ఎలక్షన్ డబ్బుతోనే అందరికీ పాత బకాయిలు ఇచ్చాను. వీధుల్లో ర్యాలీలు, ఒకరి మీద ఒకరు పడటం, మాస్కులు గడ్డం కింద. ఆర్థికం లేచింది అనుకున్నాం. ఏప్రిల్ చివరికి అక్క వార్డులో మంచాల మధ్య నేల మీద పరుపులు.

మే 5 నుంచి కర్ఫ్యూ పెట్టారు, పొద్దున 6 నుంచి 12 దాకా షాపులు. 2020తో పోలిస్తే తెలివైన మూత అది. పొలం పనులు ఆగలేదు, సరుకు లారీలు తిరిగాయి, జనానికి ముందే తెలుసు. కానీ ఆలస్యం. ఆ మేలో మూఢం పోయి ముహూర్తాలు మొదలయ్యాయి, నాకు మాత్రం శుభలేఖల కన్నా పెద్దకర్మ కార్డులు ఎక్కువ వచ్చాయి. పెద్దకర్మ కార్డు మీద ఫొటో ఉంటుంది. మామూలుగా వచ్చేవి డెబ్బై, ఎనభై ఏళ్ళ వాళ్ళ ఫొటోలు, పాత ఆల్బమ్‌లోంచి స్కాన్ చేయించేవి. ఆ నెలలో వచ్చినవి సెల్ఫీలు. కూలింగ్ గ్లాసులు తీసేసి కళ్ళు కనిపించేలా చేయమని అడిగారు ఒకళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. మా డీటీపీ అమ్మాయి ఆ పని చేస్తూ మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఆ రెండేళ్ళలో దేశంలో మామూలుగా కంటే 47 లక్షల మంది ఎక్కువ చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన ప్రభుత్వం ఆ లెక్క ఒప్పుకోలేదు, అధికారిక లెక్క 5 లక్షల లోపే. నేను వేసిన కార్డుల్లో చాలావాటికి ఆ అధికారిక లెక్కలో చోటు దొరకలేదు. టెస్టు చేయించకుండానే పోయినవాళ్ళు వాళ్ళు. కొట్టులో మొదటాయన "పోయేవాళ్ళు పోయారు" అన్నప్పుడు నాకు కోపం వచ్చింది ఇందుకే. వాళ్ళంతా పోవాల్సినవాళ్ళు కాదు.

రెండో ఆయన మాటలోనూ ఒక వెలితి ఉంది. మూత కూడా ప్రాణాలు తీసింది. క్షయ రోగుల సంగతే చూడండి. దేశంలో 2019లో 24 లక్షల కేసులు నమోదయ్యాయి, 2020లో 18 లక్షలు. జబ్బు తగ్గిపోయి కాదు, ఆసుపత్రికి రాలేక, వచ్చినా చూసేవాళ్ళు లేక. అక్క చెప్పేది, డయాలసిస్‌కి వారానికి రెండుసార్లు రావాల్సిన పల్లెటూరి మనిషి బస్సుల్లేక రాలేదని, ఆటోవాడు అడిగినంత ఇచ్చుకోలేక ఆగిపోయాడని. ఆ చావును ఆర్థికం కింద రాయాలా, ఆరోగ్యం కింద రాయాలా? బస్సు నడిస్తే బతికేవాడు, ఆటోకి డబ్బులుంటే బతికేవాడు.

మళ్ళీ ఇలాంటిది వస్తే మూయమంటావా అని, మొన్న కొట్టు నుంచి వచ్చిన రాత్రి మా ఆవిడ అడిగింది. మూయమనే అంటాను. మందు తెలియని కొత్త రోగమైతే మొదటి కొన్ని వారాలు మూయాల్సిందే. కానీ నాలుగు రోజుల ముందు చెప్పాలి, ఊరికి పోయేవాణ్ణి పోనివ్వాలి. రోగం ఉన్న చోట మూయాలి, లేని చోట పంట కదలనివ్వాలి. కార్డు ఉందా లేదా అని చూడకుండా, మూసిన మొదటి వారంలోనే కూలి డబ్బు చేతికి రావాలి, కనీసం ఉపాధి హామీ కూలి రేటునైనా. మాలాంటి యూనిట్లకు అప్పు కాదు, అద్దెలో జీతాల్లో వాటా కావాలి. అలా ఇవ్వడానికి డబ్బెక్కడిదంటే, ఇవ్వనందుకు పోయిన డబ్బు చూడండి అంటాను. జేబులో రూపాయి లేనివాడు తెరిచిన తర్వాత నా దగ్గరికి శుభలేఖలు వేయించడానికి ఎలా వస్తాడు?

ఇక స్కూళ్ళు. దీని మీద అక్కకూ నాకూ ఇప్పటికీ కుదరదు. 2020 మే 4న మద్యం షాపులు తెరిచారు, రేట్లు పెంచి మరీ. కిలోమీటర్ల క్యూలు. అక్టోబరు 15 నుంచి సినిమా హాళ్ళకు కేంద్రం అనుమతి ఇచ్చింది. తొమ్మిది, పది తరగతులు మొదలైంది నవంబరు 2న, ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు బడికి వెళ్ళింది 2021 ఫిబ్రవరి 1న, అదీ రెండు నెలలు నడిచి మళ్ళీ మూత, ఆగస్టు 16 దాకా. ఏది ముందు తెరిచారో చూస్తే దేన్ని బరువుగా చూశారో తెలుస్తుంది. మద్యం వల్ల ఖజానాకు ఆదాయం, బడి వల్ల లేదు. నా ఆర్డర్ పుస్తకంలో ఆ రెండేళ్ళూ ప్రోగ్రెస్ కార్డుల పేజీ ఖాళీ. మార్కులే లేనప్పుడు కార్డులెందుకు? పిల్లలకు చదువు ఎంత వచ్చో చూసే అసర్ సర్వే 2022ది చూస్తే, రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు దేశం మొత్తంలో 20.5 శాతం. 2018లో 27.3 ఉండేది. మా డీటీపీ అమ్మాయి తమ్ముడు ఏడో తరగతిలో ఉండగా బడి మూశారు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్‌నీ ఆ అమ్మాయే పనికి వాడుకునేది. వాడు నాన్నతో పెయింటింగ్ పనులకు వెళ్ళాడు, చేతిలో డబ్బులు పడ్డాయి, బడి తెరిచాక రానన్నాడు.

"చిన్నపిల్లల బళ్ళు అన్నిటికన్నా ముందు తెరవాల్సింది, బార్ల కన్నా, హాళ్ళ కన్నా ముందు. స్వీడన్‌లో పదహారేళ్ళ లోపు పిల్లల బళ్ళు దాదాపు మూయనేలేదు" అంటాను నేను.

"స్వీడన్‌లో ఒక్క గదిలో నానమ్మ, తాత, పిల్లలు కలిసి పడుకోరు. పిల్లాడు బడి నుంచి తెస్తే తాతకి వస్తుంది. ఆ తాతలకి మంచం వెతికింది నువ్వు కాదు, నేను" అంటుంది అక్క.

టీకా రాకముందు, 2020లో, ఆమె మాటే సరైనదై ఉండొచ్చు. 2021 జూలైలో, టీచర్లకు టీకాలు వేస్తుండగా, హోటళ్ళు, షాపింగ్ మాల్స్ నడుస్తుండగా బళ్ళు మూసి ఉంచడం మాత్రం ఎలా చూసినా సరి కాదని నేనంటాను. దానికి అక్క అవుననదు, కాదనదు. మూడో వేవ్ పిల్లలకే వస్తుందని అప్పుడు పేపర్లన్నీ రాశాయని, తమకు పిల్లల వార్డులు సిద్ధం చేయమని ఆర్డర్లు కూడా వచ్చాయని గుర్తు చేస్తుంది.